వలస వెళ్ళినవారి హక్కు, వలస వచ్చినవారి హక్కు

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలకు, సమస్త కృతజ్ఞతలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయనే భూమిని పరచి, అందులో మార్గాలను ఏర్పరచాడు. మానవులందరినీ ఒకే తల్లిదండ్రుల నుండి పుట్టించి దిశదిశలా విస్తరింపజేశాడు. మనం ఆయన్నే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పాపాల మన్నింపును ఆయన్నే వేడుకొంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, దైవమార్గంలో ఇండ్లూ వాకిళ్ళూ విడిచివచ్చిన ముహాజిర్ల పైన, వారి కొరకు తమ ఇంటి తలుపులు తెరచిన అన్సార్ల పైన అల్లాహ్ శుభాలు, శాంతి కురియుగాక! అమ్మాబాద్.

గౌరవనీయులైన పెద్దలారా, ప్రియ సోదరులారా! ముందుగా మాకు మేము, పిదప మీకు దైవభీతిని గూర్చి హితవు చెప్పుకొంటున్నాము. అల్లాహ్ మనల్ని ఊరిలో ఉన్నప్పుడూ చూస్తున్నాడు, పరాయి దేశంలో ఉన్నప్పుడూ చూస్తున్నాడు. మన పాస్‌పోర్టుపై ఏ దేశపు ముద్ర ఉన్నా మన కర్మల పత్రం ఒక్కటే.

ఈ రోజు మీ ముందు ఉంచదలచిన విషయం వలస. మన మస్జిదులోని వరుసలను ఒకసారి చూడండి. ఒక్కొక్క ఇంటి నుండి ఉండవలసినంత మంది లేరు. ఒకరి కుమారుడు కువైట్‌లో ఉన్నాడు, ఒకరి అల్లుడు జిద్దాలో, మరొకరి తమ్ముడు బెంగుళూరులో. అదే వరుసలలో మనం పుట్టి పెరిగిన ఊరివారు కాని ముఖాలు కూడా కనబడుతున్నాయి. బీహారు నుండి, బెంగాలు నుండి, ఒడిశా నుండి పనికి వచ్చినవారు వారు. మన పిల్లలు వెళ్ళిన ఖాళీలో వారు వచ్చి నిలబడ్డారు. ఈ రెండు రకాలవారి విషయంలోనూ అల్లాహ్ మనల్ని ప్రశ్నిస్తాడు.

సోదరులారా! వలస ఈ కాలంలో పుట్టిన ఆపద కాదు. మనం ప్రతి నమాజులో ముఖం త్రిప్పే మక్కా నగరమే ఒక వలస వలన వెలసిన ఊరు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) పైరు పండని లోయలో తన భార్య హాజిరాను, పాలు త్రాగే బిడ్డడైన ఇస్మాయీల్‌ను దైవాజ్ఞ మేరకు విడిచి వెళ్ళారు. ఆయన చేసిన దుఆను ఖుర్ఆన్ ఇబ్రాహీమ్ సూరాలో మనకు తెలిపింది. ప్రజల హృదయాలు వారి వైపు మొగ్గేలా చేయమని, వారికి ఫలాలను ఆహారంగా ప్రసాదించమని ఆయన వేడుకొన్నారు. పిదప జమ్‌జమ్ ఊట వెలువడినది. ఆకాశంలో పక్షి తిరగడం చూసి, అక్కడ నీరున్నదని గ్రహించిన జుర్హుమ్ తెగవారు వచ్చారు. వారు గుంపుగా ఉన్నారు, ఆమె ఒంటరి స్త్రీ. అయినా వారు ఆమె అనుమతి అడిగారు. ఆమె అనుమతించింది, కాని నీటిపై యాజమాన్యం తనదేనని షరతు పెట్టింది. వారు అంగీకరించారు. ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉన్నది.

ఇందులో మనకు ఎంత గొప్ప పాఠం ఉన్నదో గమనించండి! ఒక జనావాసం ఏర్పడటానికి నీరు కావాలి, మనుషులు కావాలి. అంతకు ముందు న్యాయం కావాలి. వచ్చినవారు బలవంతులైనా ఉన్నవారి హక్కును గుర్తించారు. ఉన్నామె బలహీనురాలైనా వచ్చినవారికి చోటు నిరాకరించలేదు. మక్కా పునాదిలో ఈ ఒప్పందం ఉన్నది.

ఆ తరువాత ఖురైషులు జీవనోపాధికై చలికాలంలో ఒక దిక్కుకు, వేసవిలో మరొక దిక్కుకు ప్రయాణించేవారు. ఆ రెండు ప్రయాణాల పేరుమీదనే ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉన్నది. పొట్టకూటికై ఊరు విడవడం అవమానం కాదని అల్లాహ్ మనకు తెలిపాడు. భూమిని మీకు వశపరచాము, దాని దారులలో నడవండి, ఆయన ఇచ్చిన ఉపాధి నుండి తినండి అనే భావం అల్ ముల్క్ సూరాలో ఉన్నది. అయితే అదే చోట, తిరిగి వెళ్ళవలసినది ఆయన వైపుకేనని కూడా గుర్తు చేయబడినది. మొదటి మాట మనందరికీ కంఠస్థం. రెండవ మాటను విమానం ఎక్కేటప్పుడు మరచిపోతున్నాము.

మన తెలుగు నేల చరిత్ర కూడా ఇదే. మన తాతముత్తాతల కాలంలో కోస్తా జిల్లాలవారు ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. అక్కడి రేవులలో మూటలు మోశారు, వడ్లమిల్లులలో పనిచేశారు. 1942లో యుద్ధం వచ్చిపడినప్పుడు లక్షలాది భారతీయులు బర్మా అడవుల గుండా కాలినడకన తిరిగివచ్చారు, దారిలోనే ప్రాణాలు విడిచినవారు ఎందరో. ఇక హైదరాబాదులోని బార్కస్ చూడండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుండి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడ స్థిరపడినది. ఒకప్పుడు అరబ్బులు ఉపాధికై మన గడ్డకు వచ్చారు, నేడు మనం వారి గడ్డకు వెళుతున్నాము. దినాలను ప్రజల మధ్య మార్చి మార్చి త్రిప్పేవాడు అల్లాహ్. నేడు ఇచ్చే చేయి రేపు చాచే చేయి కావచ్చును.

ఇప్పుడు లోకపు లెక్కలను కొద్దిగా చూద్దాము. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరినది. మన దేశంలో 1951లో 36 కోట్ల మంది ఉండగా 2011 జనగణన నాటికి 121 కోట్లయ్యారు. పట్టణాలలో నివసించేవారు 1951లో నూటికి 17 మంది, 2011లో 31 మంది. అదే జనగణన ప్రకారం, పుట్టిన ఊరినో మునుపు నివసించిన ఊరినో విడిచి వేరొక చోట ఉంటున్నవారు దాదాపు 45 కోట్లు. అంటే పదిమందిలో దాదాపు నలుగురు ఏదో ఒక విధంగా వలస వచ్చినవారే!

ఈ జనాభా పెరుగుదలకు మన సముదాయాన్నే దోషిగా చూపే మాటలు మీరు వింటూ ఉంటారు. కోపగించకండి, లెక్క చెప్పండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు కలిగేవారు. 2019-21 సర్వే నాటికి అది 2.4కు తగ్గినది. మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో సగటు 1.7, తెలంగాణలో 1.8. అంటే మన రెండు రాష్ట్రాలలోనూ తల్లిదండ్రులిద్దరి స్థానాన్ని నింపేంత మంది పిల్లలు కూడా పుట్టడం లేదు. కాబట్టి మన ముందున్న ప్రశ్న ఎంతమంది పుడుతున్నారన్నది కాదు. పుట్టినవారు ఎక్కడికి వెళుతున్నారు, ముసలివారి దగ్గర ఎవరు మిగులుతున్నారు, వచ్చినవారిని ఎవరు ఆదరిస్తున్నారు? ఇదే మన ముందున్న ప్రశ్న. ఉపాధి బాధ్యతను అల్లాహ్ తనపై ఉంచుకొన్నాడు. ఒకరికొకరు తోడుండే బాధ్యతను మాత్రం మనపై ఉంచాడు.

సోదరులారా! మొదట వెళ్ళినవారిని గూర్చి చెప్పుకొందాము.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్‌కు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుండి దుబాయికి, సౌదీకి వెళ్ళని ఊరు అరుదు. గల్ఫ్ దేశాలలో మొత్తం దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. విదేశాలలోని మనవారు ఇంటికి పంపిన సొమ్ము 2022లో పదివేల కోట్ల డాలర్లను మించినది. ఆ డబ్బుతో పూరిళ్ళ చోట మిద్దెలు లేచాయి, చెల్లెళ్ళ నికాహ్‌లు జరిగాయి, తల్లుల మోకాళ్ళకు శస్త్రచికిత్సలు జరిగాయి. మన మస్జిదు మినార్లలో కూడా ఆ చెమట ఉన్నది. ఈ త్యాగాన్ని మేము తక్కువ చేయడం లేదు. సంతానం కొరకు, తల్లిదండ్రుల కొరకు ధర్మబద్ధంగా సంపాదించేవాడు దైవమార్గంలోనే ఉన్నాడు. అల్లాహ్ వారి చెమటలో బర్కత్ నింపుగాక!

అయితే ఆ డబ్బుకు చెల్లించిన మూల్యం కూడా మేము చూస్తూ ఉన్నాము. కొన్ని నెలల క్రితం ఒక నికాహ్ చదివించడానికి కూర్చున్నాము. పెళ్ళికుమార్తె తండ్రికి సెలవు దొరకలేదు. ఆయన ఫోను తెరపై, ఏదో గోదాములో యూనిఫారం తోనే నిలబడి ఉన్నాడు. వలీగా తన అంగీకారం తెలిపి, తమ్ముణ్ణి వకీలుగా నియమించాడు. షరతులన్నీ పూర్తయ్యాయి. దుఆ ముగిసిన తరువాత అందరూ ఖర్జూరాలు పంచుకొంటూ ఉండగా ఫోను బల్లపై అలాగే ఉండిపోయినది. కట్ చేయాలని ఎవరికీ గుర్తు లేదు. ఆయన అవతల నుండి చూస్తూనే ఉన్నాడు. మేము ఫోను చేతిలోకి తీసుకొని ముబారక్ చెప్పాము. ఆయన అడిగిన మాట ఒక్కటే: “హజ్రత్, నా బిడ్డ ఏడుస్తున్నదా?” పదిహేడు సంవత్సరాలలో ఆ తండ్రి ఆ బిడ్డతో గడిపిన కాలం సెలవులన్నీ కలిపినా రెండేళ్ళు నిండదు.

భార్యల సంగతి చెప్పాలంటే మాకు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుకు వస్తారు. ఆయన ఒక రాత్రి మదీనా వీధులలో తిరుగుతూ, సైన్యంలోకి వెళ్ళిన భర్త కొరకు పరితపిస్తున్న ఒక స్త్రీ గొంతు విన్నారు. తన కుమార్తె, విశ్వాసుల మాత అయిన హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. ఆమె చెప్పిన గడువు కొన్ని ఉల్లేఖనాలలో నాలుగు నెలలు, కొన్నింటిలో ఆరు నెలలు. ఖలీఫా తన సేనలకు ఆ గడువునే నియమంగా చేశారు. రాజ్యరక్షణలో ఉన్నవానికే ఆ పరిమితి ఉండగా, మిద్దెపై మరొక అంతస్తు కొరకు మూడేళ్ళకొకసారి ముఖం చూపించే భర్త తన భార్య హక్కును గూర్చి ఆలోచించనక్కరలేదా? అప్పు తీరేవరకు వెళ్ళడం అవసరం. అవసరం తీరిన తరువాత కూడా ఉండిపోవడం చాలాసార్లు ఆశ. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో మీ భార్యలతో కలిసి కూర్చొని నిర్ణయించుకోండి. ఒక్కరే నిర్ణయించకండి.

తల్లిదండ్రుల విషయం ఇంతకంటె కఠినమైనది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, హిజ్రత్ చేస్తానని ప్రమాణం చేయడానికి సిద్ధపడ్డాడు. తల్లిదండ్రులు ఏడుస్తూ ఉండగా వదిలి వచ్చానన్నాడు. తిరిగి వెళ్ళి, ఏడిపించిన విధంగానే వారిని నవ్వించమని ప్రవక్త (స) ఆదేశించారు. సోదరులారా! అది హిజ్రత్! దైవమార్గపు ప్రయాణం! దానికే తల్లిదండ్రుల కన్నీళ్ళు అడ్డు వచ్చాయి. మన దినార్లకు అవి అడ్డు రావా? వెళ్ళక తప్పని వారికి మేము చెప్పేది ఇదే. డబ్బు పంపిన రోజున మాత్రమే ఫోను చేయకండి. ఊరిలో ఉన్న అన్నదమ్ములారా, మీరు కూడా వినండి. డబ్బు వానిది, సేవ నాది అని వాటాలు వేసుకొని, చివరికి ఆస్తి దగ్గర పేచీ పెట్టుకోకండి. ఇద్దరి వంతూ ఇబాదతే.

వెళ్ళదలచిన యువకులకు కొన్ని ఖచ్చితమైన మాటలు. అజ్ఞానం వలన మోసపోవడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేసి, పిదప అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త (స) బోధన. లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్ళండి. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగేవాడు మీకు ఉద్యోగం ఇవ్వడం లేదు, మీ అప్పును కొంటున్నాడు. విజిట్ వీసాపై పనికి వెళ్ళకండి. ఆజాద్ వీసా అనే మాట విని మురిసిపోకండి. చట్టంలో అటువంటి స్వేచ్ఛ లేదు, కఫీల్ ఒకడు, పని చేయించేవాడు మరొకడు అయితే పట్టుబడేది మీరే. కువైట్‌లో ఇంటిపనికి 20వ నంబరు వీసా, కంపెనీ పనికి 18వ నంబరు వీసా అని మీకు తెలుసు. ఒకటి చెప్పి మరొకటి చేతిలో పెడుతున్నారేమో చదివించుకొని చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టు గల స్త్రీని 30 ఏళ్ళు నిండకుండా ఇంటిపనికి పంపడానికి మన దేశపు నిబంధనలు అంగీకరించవు. వయస్సు మార్చి పంపేవారు ఆమె రక్షణను అమ్ముకొంటున్నారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణం సంభవిస్తే కుటుంబానికి పది లక్షలు అందుతాయి. ఒక పూట బిర్యానీ ఖరీదుతో వచ్చే ఆ కాగితాన్ని నిర్లక్ష్యం చేయకండి. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నిద్రిస్తున్న భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు మరణించారు. వారిలో మన ఆంధ్రప్రదేశ్ వారు కూడా ఉన్నారు. 

అన్నిటికంటె ముఖ్యంగా, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వీసా కొనకండి. అల్లాహ్ యుద్ధం ప్రకటించిన వడ్డీతో మొదలైన ప్రయాణంలో బర్కత్ ఎక్కడి నుండి వస్తుంది? అయితే ఈ మాట చెప్పి ఊరుకోవడం మాకు సిగ్గుగా ఉన్నది. వడ్డీ హరామ్ అని మింబర్ మీద నుండి చెప్పడం తేలిక. వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటు మన మహల్లాలో మనం చేశామా? ఈ ప్రశ్నకు రెండవ ఖుత్బాలో తిరిగి వద్దాము.

ఇక వచ్చినవారిని గూర్చి వినండి.

క్రీ.శ. 622లో ప్రవక్త (స) మక్కాను విడిచారు. ఆ ఊరంటే ఎంతో ప్రేమ ఉన్నా, ఆ ప్రజలు వెళ్ళగొట్టకపోతే విడిచేవాడిని కానని బాధపడుతూ విడిచారు. మదీనా చేరిన కొత్తలో హజ్రత్ బిలాల్ (రజి)కు జ్వరం వచ్చి, ఆ జ్వరంలో మక్కా లోయలోని గడ్డిని తలచుకొని కలవరించారు. ఏ మక్కాలో తనను మండుటెండలో ఇసుకపై పడవేసి హింసించారో ఆ మక్కానే! పుట్టిన నేలపై మమకారం అటువంటిది. దానిని ప్రవక్త (స) తప్పు పట్టలేదు. మదీనాను కూడా మాకు ప్రియమైనదిగా చేయమని దుఆ చేశారు.

ఆ తరువాత ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి సోదర బంధం. ముహాజిర్లలో ఒకరిని, అన్సార్లలో ఒకరిని జత చేశారు. దాదాపు 90 మందిని ఇలా కలిపారని చరిత్రకారులు వ్రాశారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సోదరుడైన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన అల్లాహ్ నీ సంపదలో శుభం కలిగించుగాక అని దీవించి, బజారు ఎక్కడున్నదో చూపమని మాత్రమే అడిగారు. జున్ను, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టి, కొద్దికాలంలోనే వివాహం చేసుకొని వలీమా ఇచ్చే స్థితికి వచ్చారు. చూడండి, ఉన్నవాడు సగం ఇవ్వడానికి సిద్ధపడ్డాడు, వచ్చినవాడు భారం కాకూడదనుకొన్నాడు. తమకు అక్కర ఉన్నా ఇతరులకే ప్రాధాన్యమిచ్చిన ఆ అన్సార్లను అల్లాహ్ అల్ హష్ర్ సూరాలో ప్రశంసించాడు.

మన ఊరికి వచ్చినవాడు సగం ఆస్తి అడగడం లేదు. చేసిన పనికి కూలి అడుగుతున్నాడు. దీనిని గూర్చి మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

ఇటీవలి ఒక రమజానులో చివరి వరుసలో, చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, ఒక బీహారీ యువకుడు నిలబడుతూ ఉండేవాడు. సెంట్రింగ్ పని చేసేవాడు. అరచేతులు తుప్పు రంగు పట్టి ఉండేవి. ఇఫ్తార్‌కు వచ్చి, అందరికీ పెట్టిన తరువాత ప్లేటు అందుకొనేవాడు. అతడు మన మస్జిదుకు అప్పటికి ఏడు నెలలుగా వస్తున్నాడు, అయినా మేము అతని పేరు అడగలేదు. ఒక రాత్రి తరావీహ్ తరువాత అతడే మా దగ్గరకు వచ్చి, రెండు నెలల కూలి 22,000 రూపాయలు రావలసి ఉన్నదని, ఈద్ నాటికి ఇంటికి పంపాలని, మీరు ఒక్క మాట చెబితే ఆ పెద్దమనిషి ఇస్తాడని ఉర్దూలో చెప్పాడు. ఆ పెద్దమనిషి మన మొదటి వరుసలో కూర్చొనేవాడే. మస్జిదు పైకప్పు మరమ్మత్తుకు విరాళం ఇచ్చినవాడే.

మేము ఆ మాట మూడు వారాలు చెప్పలేదు. అదను కోసం చూస్తున్నామని మనస్సుకు నచ్చజెప్పుకొన్నాము. నిజానికి పైకప్పు మా నోరు కట్టివేసినది. చివరికి ఈద్ తరువాత చెప్పాము. ఆ సోదరుడు తల వంచుకొని విన్నాడు, వాదించలేదు, ఆ వారంలోనే మొత్తం చెల్లించాడు. కాని అప్పటికి ఆ యువకుడు ఊరు విడిచి వెళ్ళిపోయాడు. డబ్బు ఫోను ద్వారా చేరినది, ఈద్ మాత్రం దాటిపోయినది. అంత తేలికగా తీరే ఒక హక్కును మేము మూడు వారాలు ఆపాము. ఆ మూడు వారాల జవాబు మా మెడపైనే ఉన్నది.

సోదరులారా! పనివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమని ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. ప్రళయదినాన ముగ్గురికి తానే ప్రతివాదిగా నిలబడతానని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆ ముగ్గురిలో ఒకడు, కూలివాని చేత పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివాడు. అల్లాహ్ ఎదురుగా నిలబడితే మన తరఫున ఏ వకీలు మాట్లాడగలడు? ఈ హక్కు ముస్లిం కూలివానికి మాత్రమే కాదు. ఇటుకబట్టీలకు ఒడిశా నుండి కుటుంబాలతో వచ్చేవారు, కర్నూలు పడమటి పల్లెల నుండి మిరపకోతకు గుంటూరు వెళ్ళేవారు, పాలమూరు నుండి పట్టణాలకు వెళ్ళే మేస్త్రీ పనివారు, వారి మతం ఏదైనా అందరి చెమటా ఒక్కటే. ముస్లింలకు మొట్టమొదట ఆశ్రయమిచ్చిన అబిసీనియా రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడని, అతని రాజ్యంలో ఎవరికీ అన్యాయం జరగదని ప్రవక్త (స) తన సహచరులను అక్కడికి పంపారని మరచిపోకండి. ఆశ్రయాన్ని ఇతర మతస్థుని చేతి నుండి పొందిన సముదాయం మనది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు రహదారుల వెంట పిల్లలను భుజాలపై మోస్తూ నడిచినవారిని మనం చూశాము. మే 1న దేశంలోని మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుండే దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. అప్పటివరకు మన మేడలు కట్టినవారు ఇంతమంది మన మధ్య ఉన్నారని చాలామందికి తెలియదు. ఆ రోజులలో మన యువకులు అన్నం పొట్లాలు పంచారు, అల్లాహ్ స్వీకరించుగాక. అయితే ఆపద రోజున పొట్లం ఇవ్వడం కంటె మామూలు రోజున పేరు అడగడం కష్టమని మాకు అనుభవమైనది.

మరొక వలసను గూర్చి ఒక్క మాట. పైన చెప్పిన 45 కోట్లలో అత్యధికులు స్త్రీలు, వారి వలసకు ప్రధాన కారణం వివాహం. అంటే మన దేశంలో అందరికంటె పెద్ద ముహాజిర్ మన ఇంటి కోడలే. తల్లిదండ్రులను, భాషా యాసను, చిన్ననాటి చెట్టును విడిచి ఆమె మన ఇంటికి వచ్చినది. ఆమె కొరకు ఆ ఇంటిలో అన్సార్ ఎవరు? జ్వరం వచ్చినప్పుడు పుట్టింటిని తలచుకొంటే కసురుకొంటున్నామా, లేక బిలాల్ (రజి) కొరకు ప్రవక్త (స) చేసినట్లు దుఆ చేస్తున్నామా? ఇంటికి వెళ్ళి ఆలోచించండి.

ఈ మాటలు చెప్పి, మా కొరకు, మీ కొరకు, ముస్లింలందరి కొరకు అల్లాహ్‌ను మన్నింపు వేడుకొంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స)పై దరూద్, సలాం.

సోదరులారా! విన్న మాటలు గుమ్మం దాటేసరికి మరచిపోకుండా, మనం చేయదగిన నాలుగు పనులను మీ ముందు ఉంచుతున్నాము.

మొదటిది, మన మహల్లాలో ఏ ఇంటివారు బయటి దేశంలో ఉన్నారో వ్రాసుకొనే ఒక పుస్తకం మస్జిదులో పెడదాము. పేరు, ఉన్న ఊరు, ఇంటి దగ్గర ఎవరు మిగిలారు అనేవి అందులో ఉంటాయి. ముసలివారిని ఆసుపత్రికి తీసుకొనిపోవడానికి, రేషను తెచ్చివ్వడానికి యువకులు వంతులు వేసుకోవాలి. ఆ ఇండ్ల స్త్రీలు ఎవరినీ అడగవలసిన అవసరం రాకుండా, వారి గౌరవానికి భంగం లేకుండా ఈ పని జరగాలి. భర్త దూరంగా ఉన్న స్త్రీని గూర్చి చెడుగా మాట్లాడే నాలుకలు ఈ రోజే తౌబా చేసుకోవాలి.

రెండవది, చదువుకొన్న ఇద్దరు ముగ్గురు ప్రతి శుక్రవారం అస్ర్ తరువాత మస్జిదులో కూర్చొని, విదేశం వెళ్ళదలచినవారి ఒప్పంద పత్రాలను చదివి చెప్పాలి. అరబ్బీ భాగాన్ని మేము చదివి పెడతాము. మదరసాలో నేర్చిన భాష ఒక సోదరుణ్ణి మోసం నుండి కాపాడగలిగితే, ఆ చదువుకు అంతకంటె పుణ్యఫలం ఏమున్నది? ఆపదలో ఉన్నవారి ఫిర్యాదును విదేశాంగశాఖ వారి మదద్ పోర్టల్‌లో నమోదు చేయడం కూడా వారే నేర్పాలి.

మూడవది, వడ్డీ లేని అప్పు కొరకు ఒక బైతుల్‌మాల్. జకాత్ ఎవరెవరికి చెందుతుందో అల్లాహ్ అత్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా నిర్ణయించాడు. వాటిలో అప్పులపాలైనవారు ఉన్నారు, దారిలో చిక్కుకొన్న బాటసారి కూడా ఉన్నాడు. యజమాని పాస్‌పోర్టు పట్టుకోగా టికెట్టుకు డబ్బు లేక అక్కడ చిక్కుపడినవాడు, జబ్బుపడి రైలు ఖర్చు లేక ఇక్కడ చిక్కుపడినవాడు, ఇద్దరూ ఆ బాటసారులే. జకాత్ సొమ్మును హక్కుదారులకు విడిగా ఉంచుదాము. అప్పు ఇవ్వడానికి మన స్వంత సొమ్ము వేరుగా పోగు చేద్దాము. లెక్క ప్రతి నెలా గోడపై అతికిద్దాము.

నాలుగవది, ఈ రోజు నమాజు తరువాత వెంటనే చేయవలసినది. మీ ప్రక్కన నిలబడిన వ్యక్తి మీకు తెలియనివాడైతే అతని పేరు, ఊరు అడగండి. ఎవరికైనా కూలి బాకీ ఉంటే సూర్యాస్తమయానికి ముందు చెల్లించండి. మా దగ్గరకు ఫిర్యాదు వస్తే ఇకమీదట మూడు వారాలు ఆగబోమని మీ అందరి సమక్షంలో మాట ఇస్తున్నాము. విరాళం ఇచ్చినవారైనా, ఇవ్వనివారైనా సరే. ఆ మాట తప్పితే మమ్మల్ని మీరే నిలదీయండి.

సోదరులారా! మనమంతా ఆదం (అలై) సంతానం. స్వర్గం నుండి భూమికి వచ్చినవారం, భూమి నుండి తిరిగి వెళ్ళవలసినవారం. ఇహలోకంలో పరదేశీ వలె, బాటసారి వలె ఉండమని ప్రవక్త (స) హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) భుజం పట్టుకొని చెప్పారు. తానే బాటసారినని తెలిసినవాడు మరొక బాటసారిని చులకనగా చూడడు.

యా అల్లాహ్! పరదేశంలో ఉన్న మా బిడ్డల ప్రాణాలను, ఈమాన్‌ను, గౌరవాన్ని కాపాడు. వారి చెమటకు పూర్తి ప్రతిఫలం ఇప్పించు. యా అల్లాహ్! వారి రాకకై ఎదురుచూసే తల్లిదండ్రులకు ఆయుస్సు ప్రసాదించు, భార్యలకు సహనం, భర్తలకు న్యాయబుద్ధి ప్రసాదించు. యా అల్లాహ్! పరాయి నేలపై మరణించినవారిని మన్నించు, వారి సమాధులను విశాలపరచు. యా అల్లాహ్! మా ఊరికి వచ్చినవారి హక్కు మా చేతులలో ఉండగా మాకు మరణం ఇవ్వకు. మా వరుసలలో మొదటిదానికీ చివరిదానికీ మధ్య దూరాన్ని తగ్గించు. మా దేశంలో శాంతిని, ప్రజలందరి మధ్య న్యాయాన్ని నెలకొల్పు.

ఆమీన్. లేవండి, వరుసలు సరిచేసుకోండి. భుజానికి భుజం కలపండి. మధ్యలో ఖాళీ వదలకండి.